నడుముకు దారం చుట్టి చూడండి

(హన్మకొండలోని ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆదివారం పొద్దున, వాకింగ్ ముగించుకుని వచ్చిన వాళ్ల ముందు ఒక డాక్టరమ్మ మాట్లాడిన మాటలు, చివర్లో అడిగిన ప్రశ్నలతో సహా.)

అందరికీ నమస్కారం. వడ్డేపల్లి కట్ట మీద రౌండ్లు కొట్టి చెమట ఆరకముందే వచ్చి కూర్చున్న వాళ్లు చాలామంది కనిపిస్తున్నారు, ఎండ ముదరకముందే వదిలేస్తాను. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు వచ్చి కూర్చోండి, ఈ ముచ్చట అసలు మీకోసమే. కుర్చీల్లో నలభై ఏళ్లలోపు వాళ్లు తక్కువగా ఉన్నారు. గుండె సంగతి రిటైరైన వాళ్లది అనుకుంటాం, అక్కడే మనం మోసపోతున్నాం.

ఇంటర్‌హార్ట్ అని ఒక పెద్ద అధ్యయనం ఉంది. కేరళలో పుట్టి కెనడాలో స్థిరపడ్డ డాక్టర్ సలీం యూసుఫ్ దాన్ని నడిపించారు. 52 దేశాల్లో మొదటిసారి గుండెపోటు వచ్చిన వాళ్లను, రాని వాళ్లను పక్కపక్కన పెట్టి చూశారు, 2004లో ఫలితాలు వచ్చాయి. ఆ తర్వాత 2007లో అందులోంచి మన వైపు వాళ్లను, అంటే ఇండియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్ వాళ్లను విడిగా తీసి చూస్తే, మొదటి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53 ఏళ్లే. మిగతా దేశాల్లో ఆ వయసు 59. అంటే మనకు ఆరేళ్లు ముందే వస్తోంది. ఆరేళ్లంటే ఏంటో ఒక్కసారి మీ ఇంట్లో లెక్క వేసుకోండి. 53 ఏళ్లకు మనలో చాలామందికి బిడ్డ పెళ్లి కాలేదు, కొడుకు బీటెక్ అయిపోలేదు, ఇంటి లోన్ ఇంకా నడుస్తూనే ఉంటుంది.

కారణాలు మాత్రం మనకేమీ ప్రత్యేకం కాదు. పొగాకు, బీపీ, షుగర్, రక్తంలో చెడ్డ కొవ్వు, పొట్ట, మనసు మీద భారం, ఒళ్లు కదలకపోవడం, పండ్లు కూరగాయలు తక్కువ తినడం, ఇట్లాంటి తొమ్మిది అంశాలే గుండెపోటు ముప్పులో నూటికి తొంభై వంతులకు కారణమని ఆ అధ్యయనం చెప్పింది. అవి మన ఒంట్లోకి తొందరగా వచ్చి కూర్చుంటున్నాయి, అంతే తేడా.

ఇవాళ వాటిలో ఒక్కదాని గురించే మాట్లాడతాను, పొట్ట గురించి. షుగర్‌ను, బీపీని, రక్తంలో కొవ్వును వెంటబెట్టుకుని వచ్చేది అదే, పైగా మనం దాన్ని జబ్బుగా చూడం. "మంచిగ తింటున్నడు, ఒళ్లు చేసిండు" అని సంతోషపడతాం. ఇంకొంతమంది, "మేడం, నేను లావు లేను కదా, నా బరువు నార్మలే కదా" అంటారు. ఆ రెండో మాట వింటేనే నాకు ఎక్కువ భయం.

బీఎంఐ అనే లెక్క మీకు తెలిసే ఉంటుంది, బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. 25 దాటితే ఎక్కువ బరువు, 30 దాటితే ఊబకాయం అని గోడల మీద చార్టులు ఉంటాయి. ఆ గీతలు ఎక్కువగా తెల్లవాళ్ల శరీరాలను చూసి గీసినవి. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియా వాళ్లు 23 నుంచే జాగ్రత్త పడాలన్నారు. 2009లో మన దేశపు డాక్టర్లు కూర్చుని 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని మనకోసం వేరే గీత గీశారు. 2021లో ఇంగ్లాండులో పద్నాలుగు లక్షల మందికి పైగా రికార్డులు తిరగేసి చూశారు. తెల్లవాళ్లకు బీఎంఐ 30 దగ్గర షుగర్ వచ్చే ముప్పు ఎంత ఉందో, మనలాంటి దక్షిణాసియా వాళ్లకు అంతే ముప్పు 23.9 దగ్గరే ఉంది. కిలోల్లో చెప్తాను. ఐదడుగుల ఆరంగుళాల తెల్లమనిషి 84 కిలోలు ఉంటే అతనికి ఎంత ముప్పో, అదే ఎత్తున్న మన మనిషికి 67 కిలోలకే అంత ముప్పు. 67 కిలోలుంటే మన దగ్గర ఎవరైనా లావు అంటారా? "ఇంకాస్త ఒళ్లు చేయాలె బిడ్డా" అంటారు.

ఎందుకు ఇట్లా? పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ అని షుగర్ మీద జీవితమంతా పనిచేసిన ఆయన ఉన్నారు. ఆయనా, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ అనే ఆయన మిత్రుడూ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. చూడటానికి ఇద్దరూ సన్నగానే ఉంటారు. కానీ ఒంట్లో కొవ్వు కొలిస్తే లండన్ ఆయనకు 9.1 శాతం, పుణె ఆయనకు 21.2 శాతం. ఒకే బీఎంఐలో రెండింతలకు పైగా కొవ్వు. అంటే మన ఒంట్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ, బరువు తూకానికి ఆ తేడా తెలియదు. ఇది పుట్టుకతోనే మొదలవుతుందని కూడా యాజ్ఞిక్ గారే చూపించారు. పుణె పల్లెల్లో పుట్టిన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లాండులోని సౌతాంప్టన్‌లో పుట్టిన వాళ్లది 3.5 కిలోలు, కానీ మన పిల్లల్లో తగ్గిందంతా కండ, కాలేయం లాంటివే, కొవ్వు పెద్దగా తగ్గలేదు.

ఇప్పుడు ఆ కొవ్వు ఎక్కడ చేరుతుందనేది చూడాలి. చర్మం కింద చేరే కొవ్వుతో అంత ప్రమాదం లేదు, అది దేవుడు పెట్టిన గుమ్మి లాంటిది. మన పల్లెల్లో వడ్లు పోసుకునే గుమ్మి తెలుసు కదా, ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. మన వాళ్లకు ఆ గుమ్మి చిన్నది. తొందరగా నిండిపోతుంది, నిండాక ఇంకా పోస్తూనే ఉంటే వడ్లు ఇంట్లో పడతాయి. అట్లా పొంగిన కొవ్వు పేగుల చుట్టూ, కాలేయంలో, చివరకు గుండె చుట్టూ చేరుతుంది. పేగుల దగ్గరి రక్తం నేరుగా కాలేయానికి వెళ్తుంది కాబట్టి అక్కడి కొవ్వు మొదట కాలేయాన్నే పాడు చేస్తుంది. ఇన్సులిన్ మాట ఒళ్లు వినడం మానేస్తుంది, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వు పెరుగుతుంది, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, చెడ్డ కొలెస్ట్రాల్ రేణువులు చిన్నగా, చిక్కగా మారి రక్తనాళం గోడలోకి సులువుగా దూరతాయి. ఇదంతా ఏ నొప్పీ లేకుండా పదేళ్లు, పదిహేనేళ్లు జరుగుతుంది.

కిడ్నీలో రాయి ఉందేమో అని కడుపు స్కానింగ్ తీయించుకుంటారు, రిపోర్టులో 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్', అంటే కాలేయంలో కొవ్వు చేరింది అని ఒక వాక్యం ఉంటుంది. "అది అందరికీ ఉంటదిలే" అని ఎవరో అంటారు, ఆ రిపోర్టు బీరువాలోకి పోతుంది. నిజమే, అందరికీ ఉంటోంది. అందుకే భయపడాలి. ఆ రిపోర్టు ఉన్నవాళ్లు రేపే బీపీ, షుగర్, లిపిడ్ ప్రొఫైల్ అనే రక్తంలో కొవ్వుల పరీక్ష చూపించుకోండి.

సరే, మాటలు చాలు. ఈ దారం చూడండి. తమ్ముడూ, నీ పేరేమీ వద్దు కానీ ఇటు రా. చెప్పులు విడిచి నిటారుగా నిలబడు. తల నుంచి మడమ దాకా దారం పట్టి ఇక్కడ తెంపుతున్నాను. ఇది నీ ఎత్తు. దీన్ని సగానికి మడుస్తున్నాను. షర్టు కొంచెం పైకెత్తు, ఊపిరి మామూలుగా వదులు, పొట్ట లోపలికి లాగొద్దు. చివరి పక్కటెముక ఇక్కడ, తుంటి ఎముక ఇక్కడ, రెండింటికీ నడుమ చుట్టాలి. చూడండి, రెండు కొసలు కలవడం లేదు, నాలుగు వేళ్ల సందు ఉంది. సగం దారం నడుము చుట్టూ తిరిగి కలవాలి. కలవకపోతే పొట్ట ఎక్కువగా ఉన్నట్టే. ఈ తమ్ముడిని ఎవరైనా లావు అంటారా? అనరు. థాంక్స్ తమ్ముడూ, పోయి కూర్చో, నీకు ఇప్పుడే తెలియడం మంచిదైంది.

టేపుతో అయితే మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఐదున్నర అంగుళాల లోపు. ఆడవాళ్లకు 80, అంటే ముప్పై ఒకటిన్నర లోపు. ప్యాంటు సైజు చూసి "నాది 34" అని చెప్పకండి. పొట్ట పెరిగే కొద్దీ ప్యాంటు కిందికి జారుతుంది, సైజు అదే ఉంటుంది. మొలతాడు ఎన్నిసార్లు వదులు చేసుకున్నారో గుర్తు తెచ్చుకుంటే నిజం తెలుస్తుంది. ఇక అక్కలు, మీ సంగతి ఇంకా ముఖ్యం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద ఆడవాళ్లలో బరువు లెక్కన ఎక్కువగా ఉన్నది నూటికి 24 మందే, నడుము కొలిస్తే 40 మంది. చీరలో, చుడీదార్‌లో పొట్ట తెలియదు. మన తెలంగాణలో బరువు లెక్కే ఆడవాళ్లలో నూటికి 30, మగవాళ్లలో 32 వచ్చింది. పట్నాల్లో ఇంకా ఎక్కువ.

నా దగ్గరికి వచ్చిన ఒకాయన గురించి చెప్తాను, ఊరు పేరు అనవసరం. 44 ఏళ్లు, కరెంటు సామాన్ల షాపు, బరువు 68 కిలోలు, నడుము 96 సెంటీమీటర్లు. సిగరెట్ లేదు, మందు ఎప్పుడో ఒకసారి. పొద్దున తొమ్మిదింటికి షాపులో కూర్చుంటే రాత్రి తొమ్మిదిన్నర దాకా కుర్చీలోనే. ఇంటికి పోయి పదింటికి కడుపు నిండా అన్నం, పదిన్నరకు పడక. ఒక రాత్రి పడుకున్న గంటకు ఛాతీ నడుమ పిండేసినట్టు అయింది, చెమటలు పట్టాయి, ఎడమ దవడ లాగింది. గ్యాస్ అనుకున్నారు. సోడా తాగారు, ఇంట్లో ఉన్న గ్యాస్ గోలీ వేసుకున్నారు, భార్య వాము నమలమంది. నొప్పి కొంచెం తగ్గింది, మళ్లీ వచ్చింది. తెల్లారాక బైకు మీద, తనే నడుపుకుంటూ దవాఖానకు వెళ్లారు. అప్పటికి ఏడు గంటలు దాటింది. బతికారు. కానీ గుండె కండ చాలా భాగం చచ్చిపోయింది. మామూలుగా గుండె ఒక్కో కొట్టుకు తనలో ఉన్న రక్తంలో 55 శాతానికి పైగా బయటికి తోస్తుంది, ఆయనది ఇప్పుడు 35 శాతం. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. షాపు ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు.

కాబట్టి పొట్ట సంగతి కంటే ముందు ఈ గ్యాస్ సంగతి తేల్చుకుందాం. ముప్పై దాటిన మనిషికి ఛాతీలో బరువు, పట్టేసినట్టు ఉండి, దాంతో చెమటో, ఆయాసమో, చేతికి దవడకు పాకడమో ఉంటే, ఈసీజీ తీసేదాకా అది గ్యాస్ కాదు. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు నొప్పి లేకుండా ఉత్త ఆయాసం, వాంతి, అంతుపట్టని నీరసం మాత్రమే రావచ్చు. 108కి ఫోన్ చేయండి. అలర్జీ, రక్తస్రావం సమస్య లేని వాళ్లు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మింగకుండా నమలాలి. బైకు తీయొద్దు. నడిచి వెళ్లొద్దు. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి ఒకటి రెండు గంటల్లో పడితే గుండె కండ చాలావరకు దక్కుతుంది. పన్నెండు గంటలు దాటితే దాంతో పెద్దగా లాభం ఉండదు. పెద్ద కార్పొరేట్ దవాఖాన కోసం హైదరాబాద్ దాకా పోదామని కార్ ఎక్కించుకుని జనగామ దగ్గర ప్రాణం పోగొట్టుకోవద్దు, దగ్గర్లో ఈసీజీ ఎక్కడ తీస్తారో అక్కడికే ముందు వెళ్లండి.

ఇక తిండి. మన తిండిలో ఎక్కువైంది ఏంటి అంటే అందరూ నూనె, మటన్ అంటారు. నేను ముందు అన్నం అంటాను. 2025లో వచ్చిన ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి వాళ్ల సర్వే ప్రకారం మన దేశంలో మనిషికి వచ్చే శక్తిలో దాదాపు 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో తృణధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని చెప్పింది. మన రోజు చూడండి. పొద్దున ఇడ్లీయో దోసెనో, పదకొండింటికి చాయ్ రెండు ఉస్మానియా బిస్కెట్లు, మధ్యాహ్నం పళ్లెం నిండా తెల్ల అన్నం మధ్యలో గుంట తీసి పప్పు, సాయంత్రం మిర్చి బజ్జీలు, రాత్రి మళ్లీ అన్నం, లేదంటే "డైట్" అని నాలుగు చపాతీలు. నాలుగు చపాతీలు కూడా పిండే కదా. ఇందులో మాంసకృత్తులు ఎక్కడున్నాయి? కండ ఎక్కడి నుంచి వస్తుంది?

మన తాతలు ఇంతకంటే ఎక్కువే తిన్నారు అంటారు. తిన్నారు. మక్క గటక, జొన్న రొట్టె, సద్ది అన్నం తిని పొద్దంతా నాగలి వెనక నడిచారు, ఆజంజాహి మిల్లులో షిఫ్టు మొత్తం నిలబడి మగ్గాలు చూసుకున్నారు. పని పోయింది, పళ్లెం అట్లనే ఉంది.

అందుకని ఒక్క మార్పు చేయండి. పళ్లెంలో ముందు అన్నం పెట్టకండి. ముందు కూర, సగం పళ్లెం, సొరకాయో, బెండకాయో, గంగవాయిల కూరో, ఏ సీజన్‌లో ఏది చవకైతే అది. పావు పళ్లెం పప్పు, గుడ్లు, కోడికూర, లేదా మన చెరువు చేపలు, బొచ్చె, రవ్వ, కొర్రమీను, వేయించకుండా పులుసు పెట్టినవి. మిగిలిన పావులో అన్నం. మొదటి వారం ఆకలిగా అనిపిస్తుంది, అబద్ధం చెప్పను. ఆకలేస్తే కూర ఇంకోసారి వేసుకోండి, అన్నం కాదు. సాయంత్రం బజ్జీలకు బదులు మన పెద్దవాళ్లు చేసిన గుడాలు ఉన్నాయి కదా, బొబ్బర్లో, పెసర్లో, శనగలో ఉడకబెట్టి ఉల్లిగడ్డ, నిమ్మకాయ పిండుకుంటే అంతకంటే మంచి తిండి ఏ డబ్బాలోనూ రాదు. తెలంగాణ సోనా బియ్యం షుగర్‌కు మంచిదట కదా అని అడుగుతారు. అది రక్తంలో షుగర్‌ను మిగతా సన్నబియ్యం అంత వేగంగా పెంచదు, వాడండి, కానీ మంచి బియ్యం అని రెండుసార్లు పెట్టుకుంటే లాభం పోతుంది.

నూనె సంగతి కిచెన్‌లో చెంచాలతో కొలవలేరు, నెలకు ఎన్ని ప్యాకెట్లు కొంటున్నారో లెక్కేయండి. మనిషికి రోజుకు 20 నుంచి 25 గ్రాములు అంటే నలుగురున్న ఇంటికి నెలకు లీటరు ప్యాకెట్లు మూడు దాటొద్దు. బయట తిన్న నూనె ఇందులో లేదని గుర్తుపెట్టుకోండి. ఇక్కడ చేతులెత్తమని అడగను, ఇంటికి పోయి చూసుకోండి.

ఫంక్షన్ హాళ్లలో బగారా అన్నం, మటన్, డబుల్ కా మీఠా ఉన్న దావత్‌కు పోవద్దని నేను ఎప్పుడూ అనను. బంధువుల ఇంట్లో పెళ్లికి పోకుండా ఎట్లా ఉంటాం? కానీ ముహూర్తాలున్న నెలలో వారానికి మూడు దావత్‌లు ఉంటాయి, ఆ రోజుల్లో మిగతా రెండు పూటలు తేలిగ్గా తినాలి. మందు తాగేవాళ్లకు మాత్రం కచ్చితంగా చెప్తాను. దాని శక్తి నేరుగా పొట్టలోకి, కాలేయంలోకి, ట్రైగ్లిజరైడ్లలోకి పోతుంది, దాంతో పాటు తినే వేపుళ్లు వేరే. గుండెకు కొంచెం మందు మంచిది అనే మాట ఎవరు చెప్పినా నమ్మకండి.

నడక మానొద్దు, మీరంతా చేస్తున్నారు కాబట్టి నొక్కి చెప్పను. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగేంత కానీ పాట పాడలేనంత వేగంగా. ముచ్చట్లు పెట్టుకుంటూ నెమ్మదిగా తిరిగే నడక మనసుకు మంచిది, గుండెకు సరిపోదు. మనకు కండ తక్కువని చెప్పాను కదా, అందుకని వారానికి రెండు రోజులైనా కండకు పని చెప్పాలి. జిమ్ అవసరం లేదు. బడిలో సార్ తీయించిన గుంజీళ్లు, గోడకు చేతులు ఆనించి తోయడం, రెండు లీటర్ల నీళ్ల బాటిళ్లు ఎత్తడం, ఇంట్లో చాలు. షాపుల్లో, ఆఫీసుల్లో కూర్చునే వాళ్లు తిన్న తర్వాత పది నిమిషాలు నడిస్తే తిన్నాక పెరిగే షుగర్ తగ్గుతుంది.

ఫలితం ఉంటుందా అంటే ఉంటుంది. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం షుగర్ అంచున ఉన్న 531 మంది మీద మూడేళ్లు అధ్యయనం చేసి 2006లో ప్రకటించారు. తిండి, నడక మార్చుకున్న వాళ్లలో షుగర్ రావడం 28 శాతం పైగా తగ్గింది, అదీ పెద్దగా బరువు తగ్గకుండానే. కాబట్టి తూకం ముల్లు కదలట్లేదని రెండు నెలలకే వదిలేయకండి.

ఇక అడగండి.

(సభలోంచి ఒక పెద్దాయన: మేడం, నెయ్యి మంచిదా, పల్లి నూనె మంచిదా, గానుగ నూనె మంచిదా?)

సార్, పల్లి, నువ్వులు, కుసుమ, తవుడు నూనె, ఏదైనా మార్చి మార్చి వాడండి, కొలత దాటొద్దు. నెయ్యి చెంచా చాలు. డాల్డా, పామాయిల్‌తో చేసిన బేకరీ సరుకులు, ఒకే నూనెను పొద్దంతా మరిగించి వేసే బజ్జీలు మానేయండి. గానుగ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే, అందులో తేడా లేదు.

(ఒక యువకుడు: జిమ్‌లో పిల్లలు కుప్పకూలుతున్నారు కదా, కోవిడ్ టీకా వల్లనే అంటున్నారు.)

మంచి ప్రశ్న, దీని మీద భయం చాలా ఉంది. ఐసీఎంఆర్ వాళ్లు 18 నుంచి 45 ఏళ్ల మధ్య ఆరోగ్యంగా ఉండి ఉన్నట్టుండి చనిపోయిన 729 మందిని, వాళ్ల పక్కన బతికున్న 2,916 మందిని పోల్చి చూశారు, 2023లో వచ్చింది. టీకా వల్ల ముప్పు పెరగలేదని తేలింది. పెంచినవి ఏవంటే, ఇంట్లో ఎవరైనా ఇట్లా హఠాత్తుగా పోయి ఉండటం, కోవిడ్‌తో దవాఖానలో చేరి ఉండటం, చనిపోయే ముందు రెండు రోజుల్లో విపరీతంగా మందు తాగడం, భారీ కసరత్తు చేయడం. మీ నాన్నకో, బాబాయికో 55 లోపు గుండెపోటు వచ్చి ఉంటే మీరు ముప్పైకే పరీక్షలు చేయించుకోవాలి. వాటితో పాటు లైపోప్రొటీన్-ఏ అనే పరీక్ష జన్మలో ఒక్కసారి చేయించుకోండి. అది వంశంలో వచ్చే కొవ్వు, మనలో దాదాపు నలుగురిలో ఒకరికి ఎక్కువగా ఉంటుంది, తిండితో తగ్గదు. అది ఎక్కువ ఉన్నవాళ్లు మిగతావన్నీ ఇంకా గట్టిగా అదుపులో పెట్టుకోవాలి. ఈసీజీ బాగుంది కాబట్టి ఏమీ లేదు అనుకోకండి, అది ఆ నిమిషం సంగతి చెప్తుంది, రేపటిది కాదు.

(వెనక నుంచి: సన్నబడే ఇంజెక్షన్లు వచ్చాయి కదా మేడం, తీసుకోవచ్చా?)

2025లో మన దేశంలోకి వచ్చాయి, పనిచేస్తాయి. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ మీద 17 వేల మందికి పైగా, బరువు ఎక్కువై అప్పటికే గుండె జబ్బు ఉన్నవాళ్ల మీద చేసిన అధ్యయనంలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. కాబట్టి అవసరమైన వాళ్లకు మేమే రాస్తాం. కానీ పెళ్లి ఉందని మెడికల్ షాపులో సొంతంగా కొని పొడుచుకోవద్దు. కొవ్వుతో పాటు కండ కూడా తగ్గుతుంది, ఆపేస్తే బరువు మళ్లీ వస్తుంది, మనకు ముందే కండ తక్కువ. ఇంకోటి, బీపీ గోలీ, కొలెస్ట్రాల్ గోలీ రిపోర్టు నార్మల్ వచ్చిందని మానేస్తారు. గోలీ వేసుకున్నారు కాబట్టే నార్మల్ వచ్చింది.

(ఒక అమ్మ: మా కోడలికి కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది, కాన్పు అయ్యాక పోయింది. ఇంక భయం లేదు కదమ్మా?)

పోలేదమ్మా, ఇప్పటికి దాక్కుంది. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన వాళ్లకు తర్వాత గుండె జబ్బు ముప్పు మిగతా ఆడవాళ్లతో పోలిస్తే దాదాపు రెండింతలు. కాన్పయిన ఆరు నుంచి పన్నెండు వారాల్లో గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష చేయించాలి, బాగున్నా ఏటా ఒకసారి చూపించాలి. బాలింత అని ఐదు నెలలు మంచం దిగనివ్వకుండా నెయ్యన్నం పెట్టకండి, డాక్టర్ చెప్పిన రోజు నుంచి నడవనివ్వండి. చంటిబిడ్డకు పాలు ఇస్తే తల్లి షుగర్‌కు కూడా మంచిదే. పరీక్షకు డబ్బుల ఇబ్బంది ఉంటే మీ బస్తీ దవాఖానకు తీసుకెళ్లండి, బీపీ, షుగర్ అక్కడ ఉచితంగా చూస్తారు. ఆమె పాత రిపోర్టులు ఉంటే ఇప్పుడు బయట టేబుల్ దగ్గర నాకు చూపించండి.